బాలింత రవిక

మా ట్రంకు పెట్టె అడుగున అమ్మమ్మ ముడి రవిక ఒకటుంది. చేత్తో కుట్టింది. గుండీల్లేవు, హుక్కుల్లేవు. ముందువైపు రెండు కొసలూ లాగి ముడేసుకోవడమే. ఒళ్లు చేసినా తగ్గినా ఆ ముడే సర్దుకునేది. బిడ్డ ఏడిస్తే క్షణంలో విప్పుకోవచ్చు. ఇద్దరు పిల్లల్ని కన్నాక గానీ దాని విలువ నాకు తెలియలేదు.

మా కడియంలో పురుడొచ్చిన ఇంట్లో ముందు వెతికేది పాత నేత చీరలే. బండారులంక చీర పదేళ్లు ఉతికితే వచ్చే మెత్తదనం ఏ కొత్త బట్టకీ రాదు. పొత్తిగుడ్డలు, ఉయ్యాల, బాలింత నడుంకట్టు, తలగుడ్డ, అన్నీ అందులోంచే. తొలి కాన్పుకే తల్లి పెట్టె సగం ఖాళీ అయ్యేది. బదులుగా బారసాలకి పుట్టింటి చీర, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి పంపేటప్పుడు సారెతో ఇంకో చీర వచ్చేవి. రంగు మాత్రం పెద్దవాళ్ల ఇష్టం. అమ్మమ్మని ఎవరూ ఏం కావాలని అడగలేదు.

తర్వాత కుట్టు మిషన్లొచ్చాయి. 1930ల్లో కలకత్తాలో తయారవడం మొదలైన ఉషా మిషను మా ఇంటికి చేరేసరికి అమ్మ పెళ్లీడుకొచ్చింది. అమ్మ జాకెట్టు ఒంటికి పట్టినట్టుండేది, హుక్కులు మాత్రం ముందే. నా పెళ్లి నాటికి అవి వీపు మీదికెళ్లాయి. చూడ్డానికి ముచ్చటే గానీ, వెనక హుక్కులతో బిడ్డకి పాలెలా ఇవ్వను? పద్నాలుగు నెలలు జిప్పు నైటీలోనే గడిపాను, ఎవరైనా వస్తే పైన తువ్వాలు కప్పుకుని. ఫొటోల్లో నేనున్నవి నాలుగు కూడా లేవు.

మా మొక్కల నర్సరీలో కవర్లకి మట్టి నింపే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు. ఎండకీ ముళ్లకీ అదే కాపు. చంటిబిడ్డ తల్లి ఒకామె మధ్యాహ్నం మామిడి అంట్ల పక్కన నీడలో కూర్చుని, చొక్కా రెండు గుండీలు విప్పి పాలిస్తుంటే చూశాను. అమ్మమ్మ ముడి రవిక గుర్తొచ్చింది.

ఆ రాత్రి ఈ మాట చెబితే అమ్మ నా పెళ్లి జాకెట్టు తిరగేసి చూపించింది. పక్కన ఒకటి కాదు, మూడు కుట్లు, వేలెడు ఎడంతో. “నేనే చెప్పి వదిలించానే అమ్మాయ్. పెళ్లికి కుట్టే జాకెట్టు పురుటికి కూడా కుట్టాలి” అంది. బ్లేడుతో రెండు కుట్లు విప్పాం. జాకెట్టంతా వెలిసిపోయినా విప్పిన చోట ఆ వేలెడు బట్ట పెళ్లినాటి ఆకుపచ్చలోనే ఉంది. చాలాసేపు దాన్ని నిమురుతూ కూర్చున్నాను. ఇంకో జాకెట్టు పట్నంలో కుట్టించింది. ఆ టైలరు లోపల అంగుళం గుడ్డ కూడా ఉంచలేదు. చంకల కింద వేరే ముక్క వేస్తే గానీ చెయ్యి పట్టలేదు.

మర్నాడు రాజమండ్రి బస్సెక్కి తాడితోట బట్టల మార్కెట్‌కి వెళ్లాను. నాలుగు జాకెట్టు గుడ్డలు, ముందు గుండీలున్న నూలు కుర్తీలు రెండు తీసుకున్నాను. అన్నీ నేను ఎంచుకున్న రంగులే. ఒకటి వంకాయ రంగు. మా ఇంట్లో బాలింతలెవరూ కట్టని రంగది. పండక్కి ఉప్పాడ జాందానీ ఒకటి దాచుకున్నాను. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ చీర తేలిక. బుటా వెనకవైపూ నున్నగా ఉంటుంది, దారాలు వేలాడవు. చంటిదాని మువ్వలు చిక్కుకుంటాయన్న బెంగ లేదు. తల్లులకి పట్టుకన్నా అదే మేలని నా అభిప్రాయం.

మీ ఇంట్లో ఆడపిల్లకి పెళ్లి జాకెట్టు కుట్టిస్తుంటే టైలరుకి రెండు మాటలు చెప్పండి. పక్కల్లో గుడ్డ వదలమనండి, హుక్కులు ముందు పెట్టమనండి.