బ్రేకు పుట్టిల్లు

గుంటూరు, విజయవాడల వైపు వాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కొత్త కారు కొన్నా, ట్రాక్టరు కొన్నా, పెదకాకాని తీసుకెళ్లి మల్లేశ్వరస్వామి గుడి దగ్గర పూజ చేయిస్తేగాని మనవాళ్లకి తృప్తి ఉండదు. బానెట్టుకి పసుపు కుంకుమ బొట్లు, పూలదండ, ఓ కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు. బండి కదిలి నిమ్మకాయలు చిట్లేదాకా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తారు. కదలడం మీద ఉన్నంత శ్రద్ధ ఆగడం మీద ఎందుకుండదో మరి!

ఆగడం సంగతి తొలినాళ్లలోనే పట్టించుకున్న ఇల్లాలు ఒకావిడ ఉంది. పేరు బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో, భర్త కార్ల్ బెంజ్‌కి ముందుగా చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో ఇద్దరు మగపిల్లల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి బయల్దేరింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికే! దూరం సుమారు 105 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు గొట్టం అడ్డుపడితే టోపీకి గుచ్చుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. బండికి పొయ్యాల్సిన ఇంధనం మందుల షాపులో కొన్నది. పల్లపు దారుల్లో చెక్క బ్రేకులు అరిగిపోతే, చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు తొడిగించింది. ఇవాళ మనం లైనింగు అంటున్నదానికి అదే శ్రీకారం. ఇంజనీర్లకి తట్టని ఉపాయం అరిగిన చెప్పుకి అట్ట వేయించే ఆడదానికి తట్టిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఆ తర్వాత 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకు తెచ్చాడు. అదే ఏడు ఇంగ్లండులో లాంచెస్టర్ డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. అయితే అందులో రాగి రేకు ఇనప పళ్లేన్ని రాసుకుని భరించలేని కీచు చప్పుడు చేసేదట. హెర్బర్ట్ ఫ్రూడ్ అనే మరో ఆంగ్లేయుడు లైనింగుకి ఆస్బెస్టాస్ వాడి ఆ గోల తగ్గించాడు. తన పేరులోని అక్షరాలు తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి, కంపెనీకి ఫెరోడో అని పెట్టాడంటారు.

ఇంత చరిత్ర ఎందుకు వెతికానంటే, మా ఇంట్లో ఇంకా ఓ అంబాసిడర్ ఉంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాని, మావారికి దాని మీద మమకారం ఆగలేదు. గుంటూరులో బయల్దేరి హైవే ఎక్కి, పెదకాకాని దగ్గర లారీ అడ్డమొస్తే బ్రేకు వేశారు. స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఊళ్లో నెమ్మదిగా పోయేటప్పుడు ఏమీ లేదు. “వయసు మీదపడింది, వణక్కుండా ఉంటుందా?” అన్నారు మావారు. వెనక సీట్లో నా ఒళ్లో మనవరాలు నిద్రపోతోంది. నాకు ఆ హాస్యం రుచించలేదు.

మర్నాడు మేస్త్రీని నేనే అడిగాను. పెద్దవాడు, ఓపిగ్గా చెప్పాడు. “బ్రేకు వెయ్యకపోయినా వణికితే టైరుదమ్మా తప్పు, బ్యాలెన్సు చూడాలి. బ్రేకు వేసినప్పుడే వణికితే డ్రమ్ముదే. స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనకవి.” ఖాళీ రోడ్డు మీద బండి పోనిచ్చి, బొత్తాం నొక్కిపట్టుకుని హ్యాండు బ్రేకు నెమ్మదిగా లాగి చూశాడు. అది వెనక చక్రాలకే పనిచేస్తుంది. వణుకు లేదు. అంటే దోషం ముందరిదేనన్నమాట. బేరింగులు వదులయ్యాయా, నట్లు సమంగా బిగించారా అన్నవీ చూసుకుని, అప్పుడు విప్పాడు.

గుండ్రంగా ఉండాల్సిన డ్రమ్ము వెంట్రుకవాసి కోడిగుడ్డు వాటమైంది. గంటకి 70 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకి తొమ్మిదిసార్లకు పైగా తిరుగుతుంది; తిరిగిన ప్రతిసారీ షూ ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పట్టుకుంటుంది. అడుగు సమంగా లేని తిరగలి విసిరినట్టే. నెమ్మదిగా పోయేటప్పుడు ఆ కుదుపు ఒంటికి తెలియదు. పైగా వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలు, ఆ వేడికి డ్రమ్ము ఇంకా వంకరపోతుంది. లేతు మీద పట్టిస్తే సరిపోతుందన్నాడు, రెండు వైపులా సమంగా. లేకపోతే బండి ఓ పక్కకి లాగుతుంది. మరీ పల్చబడితే మాత్రం కొత్తది వేయాల్సిందేనట.

ఇంతలో పనిచేసే కుర్రాడు డ్రమ్ములో పేరుకున్న నల్లటి దుమ్ముని నోటితో ఊదబోయాడు. పాత లైనింగుల్లో ఆ ఆస్బెస్టాసే ఉంటుంది. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరిందంటే ఇక వదలదు. ఏళ్ల తర్వాత క్యాన్సరు తెచ్చిపెడుతుంది. “ఊదకు నాయనా!” అని నేను కేకేశాను. వాడు బిత్తరపోయాడు. మేస్త్రీ నా వంకా, వాడి వంకా చూసి, “ఒరేయ్, బక్కెట్టులో నీళ్లూ, తడిగుడ్డా తీసుకురా” అన్నాడు.