రొమ్ము ఎక్స్-రే: సర్జన్, రేడియాలజిస్టు, పెథాలజిస్టు

రొమ్ము ఎక్స్-రే చూసి రోగం నిర్ణయించడం రేడియాలజిస్టు పని అని ఈనాడు అనుకుంటాం. కాని ఆ చిత్రాలను మొదట శ్రద్ధగా పరిశీలించినవాడు ఒక సర్జన్. బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3000 రొమ్ములకు ఎక్స్-రేలు తీసి, 1913లో ఫలితాలు ప్రచురించాడు. కోసిన కణజాలం ఎదురుగానే ఉన్నందువల్ల ఫిల్ము మీది నీడను అసలు కణితితో పోల్చి చూడగలిగాడు. కణితి ఎంతవరకు పాకింది, చంకలోని గ్రంథులకు చేరిందా అన్నవే సర్జన్‌గా ఆయన ప్రశ్నలు. చిత్రాలలో సన్నని చుక్కలు కూడా ఆయన కంటపడ్డాయి. వాటి విలువ మాత్రం గ్రహించలేదు.

అవి కాల్షియం రేణువులు. చేతికి గడ్డ తగలకముందే కాన్సర్‌ను పట్టివ్వగల గుర్తులు ఇవేనని ఉరుగ్వే రేడియాలజిస్టు రౌల్ లెబోర్న్ 1951 నాటికి చూపాడు. రొమ్మును అదిమిపెట్టి తీస్తేనే ఇంత సన్నని వివరాలు స్పష్టంగా పడతాయన్నాడు. ఫిలడెల్ఫియాలో రేడియాలజిస్టు గెర్షన్-కోహెన్, పెథాలజిస్టు హెలెన్ ఇంగిల్‌బీ కలిసి పనిచేశారు. ఆయన నీడ చూపితే, ఆమె కణజాలపు ముక్కలో దానికి కారణం వెతికేది. రేడియాలజిస్టులు చిత్రం చదవడం నేర్చుకున్నది చాలావరకు ఇలాంటి జంటల వల్లనే.

1963లో న్యూయార్క్‌లో 40 నుంచి 64 ఏళ్ల వయసుగల సుమారు 62,000 మంది స్త్రీలతో ఒక పెద్ద పరీక్ష మొదలైంది. వారిలో సగం మందిని మామోగ్రఫీకి, వైద్యుడు చేతితో చేసే పరీక్షకు పిలిచారు. ఈ రెండూ విడివిడిగా జరిగేవి. ఆ పరీక్షల్లో బయటపడిన కాన్సర్లలో దాదాపు మూడోవంతు మామోగ్రఫీకి మాత్రమే దొరికాయి. చేతికి మాత్రమే దొరికినవి అంతకంటే ఎక్కువ! ఎవరి చూపూ ఒక్కటే సరిపోలేదన్నమాట.

మరో చిక్కు భాషది. రేడియాలజిస్టు ‘అనుమానాస్పదం’ అని రాస్తే సర్జన్ కోయాలా, ఆరు నెలలు ఆగాలా? అమెరికన్ రేడియాలజీ కళాశాల 1993లో బై-రాడ్స్ అనే వర్గీకరణ తెచ్చి, ప్రతి నివేదికను ఒక అంకెతో ముగించమంది. అవసరం ఎంతటిదో మరుసటి ఏడే తెలిసింది: ఒకే 150 మంది స్త్రీల చిత్రాలను 10 మంది రేడియాలజిస్టులకు చూపితే, అభిప్రాయాలు గణనీయంగా వేరయ్యాయి.

అంకె వచ్చినా పెథాలజిస్టు పాత్ర తగ్గలేదు. చిత్రం 5వ వర్గంలో ఉండి, సూదితో తీసిన ముక్కలో కాన్సర్ కనబడకపోతే, సూది సరైన చోట పడలేదేమోనని అనుమానించి మళ్లీ ముక్క తీస్తారు.