పాత క్షయ, కొత్త ముఖం

మన తరం వారికి క్షయ కొత్త కాదు. నెలల తరబడి దగ్గు, సాయంకాలపు జ్వరం, గళ్ళలో రక్తం, చిక్కి శల్యమైన మనిషి. మనం ఎరిగిన రూపం అదే. 1882 మార్చి 24న జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ ఈ వ్యాధికి మూలమైన క్రిమిని బెర్లిన్‌లో ప్రకటించాడు. అప్పటికి మందు లేదు. గాలి, వెలుతురు, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. అందుకే 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోను, తర్వాత మన వైపు వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లోను శానటోరియంలు వెలిశాయి.

1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్, 1952లో వచ్చిన ఐసోనియాజిడ్ రోగుల రాత మార్చాయి. ఇంటివద్ద ఉండి మందులు వాడినా శానటోరియంలో మాదిరిగానే నయమవుతుందని 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన రుజువు చేసింది. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఆరంభమైంది. ఇక పీడ విరగడైనట్లేనని చాలామంది తలచారు.

అంతలో 1986లో మద్రాసులో దేశపు తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడ్డాయి. దరిమిలా ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటైంది.

క్షయ క్రిమి ఒక్కటే. తేడా ఒంట్లోని రక్షణ శక్తిలో ఉంది. ఆరోగ్యవంతునిలో కాపలా కణాలు క్రిమిని చుట్టుముట్టి బంధిస్తాయి. అలా క్రిమి సోకిన వారిలో నూటికి అయిదు నుంచి పది మందికే జీవితకాలంలో ఎప్పుడో వ్యాధి వస్తుంది. హెచ్.ఐ.వి. ఆ కాపలానే హరిస్తుంది. దానికి చికిత్స లేకపోతే, క్షయ క్రిమి ఉన్నవారిలో ఏటా నూటికి సుమారు పది మందికి వ్యాధి బయటపడగలదు.

మామూలు క్షయలో ఊపిరితిత్తుల పైభాగాన గుంటలు పడతాయి. ఆ గుంటలు క్రిమితో ఒళ్ళు చేసే పోరాటం వల్ల ఏర్పడేవే. రక్షణ శక్తి బాగా తగ్గిన హెచ్.ఐ.వి. రోగిలో అవి అరుదు. ఎక్స్‌రే ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. గళ్ళ పరీక్షలో క్రిమి కనబడకపోవచ్చు. వ్యాధి మాత్రం గ్రంథులకు, మెదడు పొరలకు, ఒళ్ళంతటికీ పాకవచ్చు. కనుక గళ్ళలో ఏమీ లేదన్న మాటతో నిశ్చింతగా ఉండరాదు. సుమారు రెండు గంటల్లో ఫలితమిచ్చే సీబీనాట్ పరీక్ష ఇప్పుడు ఉంది.

క్షయ మందులు ఇద్దరికీ దాదాపు ఒకటే, సాధారణంగా ఆరు నెలలు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి ముందు క్షయ మందులు మొదలుపెట్టి, కొద్ది వారాల్లో ఎ.ఆర్.టి. మందులు కలుపుతారు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. రక్షణ శక్తి తిరిగి పుంజుకొనే వేళ జ్వరం, గ్రంథుల వాపు కొన్నాళ్ళు హెచ్చవచ్చు. అది చూసి భయపడి మందులు మానరాదు, వైద్యునికి చూపించాలి.

పెన్షనరు మిత్రులకు నా మనవి ఒక్కటే. క్షయ అని తేలిన ప్రతివారికీ హెచ్.ఐ.వి. పరీక్ష, హెచ్.ఐ.వి. ఉన్న ప్రతివారికీ క్షయ పరీక్ష జరగాలి. మనకు ఎం.జి.ఎం. ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. ఒకప్పుడు క్షయ రోగికి మంచం, కంచం వేరు చేసి దూరంగా కూర్చోబెట్టారు. పరువుకు జడిసి రోగం దాచినవారు ఆలస్యంగా ఆసుపత్రి చేరి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వెలిని నేడు హెచ్.ఐ.వి. ఉన్న బిడ్డలకు అంటగట్టరాదు. ఇంట్లో పెద్దలు ధైర్యం చెప్పి వెంటబెట్టుకు వెళితే రెండు రోగాలకూ వైద్యం ఉంది.