బదులు

కోయంబత్తూరు నుంచి ముక్కూ మొహమూ తెలియని ఒక కుర్రవాడు ఈమధ్య నా ఫోనుకు నాలుగు వాక్యాలు రాసి పంపాడు. భాష తెలుగు, లిపి తమిళం. ఇంట్లో తెలుగే మాట్లాడతారట, చదవడం మాత్రం ఎవరికీ రాదట. వినడానికి మంచి పాడ్‌కాస్టు ఒకటి, చదవడానికి పుస్తకం ఒకటి, ఆడుకోవడానికి వీడియో గేము ఒకటి చెప్పమని అడిగాడు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. "పదులు చెప్పండక్కా" అని ఉంది. ఒక్కొక్కటే చాలన్నవాడు మళ్లీ పదులెందుకు అడుగుతున్నాడు? రెండోసారి పైకి చదివాక గాని తెలియలేదు. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. అతను రాసింది "బదులు చెప్పండక్కా" అని.

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే జవాబు ఇవ్వండి అంటారు, సమాధానం చెప్పండి అంటారు, ఇప్పుడైతే రిప్లై ఇవ్వండి అంటారు. బదులు చెప్పడం అక్కడ పుస్తకాల్లో ఎక్కువ, నోట్లో తక్కువ. మదురై పక్కన మా అమ్మమ్మ ఊళ్లో అది రోజూ వినపడేది. అడిగినదానికి పలక్కుండా నిలబడితే "బదులు చెప్పవేమే?" అని గద్దించేది అమ్మమ్మ. చుట్టూ ఉన్న తమిళంలో 'బదిల్' నిత్యం వాడే మాట. ఆ ఆసరాతో మా మాట కూడా నిలిచిందనుకుంటాను.

తమిళంలోనైనా తెలుగులోనైనా దాని పుట్టిల్లు అరబ్బీ. అక్కడ 'బదల్' అంటే ఒకదాని స్థానంలో ఇంకొకటి నిలవడం. ఫారసీ, ఉర్దూల వెంట వచ్చి ఒక్కో భాషలో ఒక్కో పనిలో కుదురుకుంది. హిందీలో 'బద్‌లా' అంటే పగతీర్చుకోవడం. కన్నడంలో 'బదలావణె' అంటే మార్పు. మన ఆఫీసుల్లో ఉద్యోగి ఊరు మారితే బదిలీ. ఇక తెలుగు బదులుకు మూడు పనులు. కాఫీకి బదులు టీ అన్నప్పుడు స్థానం. బదులు చెప్పు అన్నప్పుడు జవాబు. పక్కింటికి గ్లాసు పట్టుకెళ్లి చక్కెర బదులు తెచ్చుకున్నప్పుడు బాకీ.

ఈ మూడోదాని దగ్గర కాసేపు నిలబడాలి. ఇచ్చిపుచ్చుకోవడాలకు తెలుగులో ఉన్నన్ని మాటలు, వాటి మధ్య అంత సన్నని తేడాలు చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వడ్డీతో తీర్చవలసిన డబ్బు అప్పు. కొట్లో డబ్బివ్వకుండా తెచ్చుకున్న సరుకు అరువు. పెళ్లికి పెట్టుకెళ్లడానికి అడిగి తెచ్చుకున్న గొలుసు ఎరువు. ఆ గొలుసే, గీత పడకుండా, తిరిగి వెళ్లాలి. బదులు వీటిలో దేనిలాంటిదీ కాదు. తెచ్చుకున్న చక్కెర తెచ్చుకున్న రోజే పాయసంలో కరిగిపోతుంది. ఆ చక్కెరను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. వారం తరవాత అదే గ్లాసుతో వేరే చక్కెర వెళుతుంది. కొలత అదే, వస్తువు వేరు, వడ్డీ లేదు. కాగితం లేకుండా చేతిలో పెట్టే డబ్బును చేబదులు అంటున్నది కూడా అందుకే.

ఇప్పుడు కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. నా అలమరలోని పుస్తకం అతనికి ఇస్తే అది ఎరువు. ఆ ప్రతి నాకు తిరిగి రావాలి, రాకపోతే మనసు కష్టపడుతుంది. పుస్తకం పేరు చెబితే? నా దగ్గర ఏమీ తగ్గదు. అతను తీర్చవలసివస్తే ఆ పేరే మళ్లీ నాకు చెప్పి తీర్చలేడు. ఇంకో పేరు చెప్పాలి, నాకో ఇంకొకరికో. జవాబుకూ చక్కెర గ్లాసుకూ తెలుగువాళ్లు ఒకే మాట పెట్టుకోవడం కాకతాళీయం అనుకోను. ప్రశ్నకు చెప్పే మాట కూడా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేదేనని మన పెద్దలకు తెలుసు.

అరబ్బీ మాట రాకముందు ఈ పని చేసింది 'మారు'. మారుమాట అంటే జవాబు, మారుమోగడం అంటే ధ్వనికి ధ్వని తిరిగి పలకడం. విస్తట్లో రెండోసారి అన్నం పెడితే మారు వడ్డించడం. తమిళంలోనూ ఇదే ధాతువు, బండిఱతో 'మాఱు'. మా ఇంట్లో చేబదులు అనేవారు కాదు, తమిళుల్లాగే 'కైమాత్తు' అనేవారు. కై అంటే చెయ్యి, మాత్తు అంటే మార్పిడి. చేబదులును ముక్క ముక్కగా విడదీసి చూడండి, అదే. రెండు భాషలూ పక్కపక్క ఇళ్లలో కాపురమున్న చోట ఇలాంటి జతలు దొరుకుతూనే ఉంటాయి. తిరుక్కుఱళ్ 211వ కుఱళ్‌లో దీనికి తోబుట్టువైన 'కైమ్మాఱు' ఉంది. వానకు లోకం ఏమి తిరిగి ఇవ్వగలదు, మేలు చెయ్యడం కూడా అలా తిరుగుబాకీ కోరనిదై ఉండాలి అన్నది అక్కడి భావం. తిరువళ్లువర్ మీద ఎంత గౌరవమున్నా ఇక్కడ నా మనసు చక్కెర గ్లాసు వైపే మొగ్గుతుంది. వానకు ఇరుగుపొరుగు ఉండరు. మనుషులకు తీర్చుకునే వీలున్న బాకీ ఉండాలి, దాంతోనే మళ్లీ తలుపు తట్టే చనువు వస్తుంది.

కుర్రవాడు అడిగినట్టు మంచివాటి పేర్లు చెప్పడానికి పత్రికల్లో వాడే మాట 'సిఫారసు'. ఇదీ ఫారసీ నుంచి వచ్చిందే. ఇరాన్‌లో ఇప్పుడు భోజనం ఆర్డరివ్వడానికి కూడా అదే మాట వాడతారు. మన దగ్గర మాత్రం దానికి ఉద్యోగాల వాసన పట్టింది. సిఫారసు ఉత్తరం పట్టుకుని పెద్దమనిషి గుమ్మంలో నిలబడ్డ మనిషి కళ్లముందు మెదులుతాడు. సిఫారసు పైనుంచి కిందికి దిగుతుంది. తమిళులు 'సిబారిసు' పక్కన పెట్టి 'పరిందురై' తెచ్చుకున్నారు. పరిందు అంటే ప్రేమతో పక్షం వహించి, ఉరై అంటే చెప్పడం. చక్కని మాట, నాకు ఇష్టమైన మాట. కానీ అందులో చెప్పేవాడి ప్రేమ ఉందిగాని వినేవాడి బాకీ లేదు.

అతని మొదటి కోరికకు బదులు సులువుగానే దొరికింది. చదవడం రానివాడికి చెవి ఉంది. హర్షణీయం పాడ్‌కాస్టులో తెలుగు కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో మాట్లాడిస్తారు. దాసుభాషితం యాప్‌లో పుస్తకాలే గొంతుతో వస్తాయి. ఈ రెండింటి పేర్లు రాస్తుండగా మదురై గుర్తొచ్చింది. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736లో ముగిసిన నాయకరాజుల ఏలుబడిలో తెలుగు వచనం పెరిగిన చోట్లలో మదురై ఒకటి. 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడు తానే శ్రీరంగ మాహాత్మ్యాన్ని, మాఘ మాహాత్మ్యాన్ని తెలుగు వచనంలో రాశాడు. అతని కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనం చేశాడు. వచనం అంటేనే పలికేది. చదవడం రానివాడు తెలుగు వినాలని కోరడం ఆ నేలకు కొత్త కాదు.

రెండోదానికి తమిళ పుస్తకమే చెప్పాను. చదవగలిగిన లిపిలో అతని సొంత కథ ఉండగా వేరే ఎందుకు? కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' రాశారు. తెలుగు నేల విడిచి దక్షిణానికి తరలివచ్చి, అడవి నరికి ఊరు కట్టుకున్న కుటుంబాల నవల అది. ఆ తరవాతి భాగం 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కరిసల్ అనే నల్లరేగడి నేల తమిళానికి నిఘంటువు కూర్చినదీ ఈ తెలుగింటి బిడ్డే. తెలుగు లిపి నేర్చుకున్న రోజున స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కతలు' చదవమని కూడా రాశాను. ఆ రోజు రావాలని నా కోరిక. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరవాత బడిలో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు బడులు తగ్గాయి. లిపి నేర్పే పని ఇప్పుడు ఇళ్ల మీదే పడింది.

మూడు రోజులు గడిచాక అతని దగ్గర్నుంచి ఒక రికార్డింగు వచ్చింది. ఎనిమిది నిమిషాలు, వాళ్ల నాయనమ్మ గొంతు. వాళ్లవాళ్లు కోయంబత్తూరు సీమకు ఎలా వచ్చారో, ఏ ఏరు దాటి వచ్చారో చెబుతోంది. మధ్యలో ఎవరో కాఫీ తెచ్చిన చప్పుడు. కథ ముగిశాక ఆమె మనవణ్ణి అడిగింది: "ఎవురికిరా ఇది?" "బదులు చెప్పిన అక్కకి" అన్నాడు వాడు. గ్లాసు తిరిగి వచ్చింది.

గేము బాకీ మాత్రం నా మీద అలాగే ఉంది. మా అమ్మమ్మ ఆడించిన వామనగుంటల గురించి రాశానుగాని అతను అడిగింది అది కాదు. తెలుగు మాటలు వినిపించే మంచి వీడియో గేము ఆడినవారు మీలో ఎవరైనా ఉంటే, దయచేసి బదులు చెప్పండి. అతనికి అందజేస్తాను.