పల్లెవార్త – పత్రికాధర్మము



తెలుగు పత్రిక మన యూరి రచ్చబండకు ఎట్లు వచ్చినది, దానిలో వార్త వ్రాయువాడు మొదట నేర్వవలసినదేమి అను రెండు విషయములను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. మొదటిది మన నల్లగొండ, పాలమూరు జిల్లాల చరిత్రము. రెండవది నా యిరువదవయేట నేను చేసిన యొక తప్పు వలన తెలిసికొన్నది.

నిజాము పరిపాలనమున రాజభాష ఉర్దూ. న్యాయస్థానములందును, కచేరీలందును ఆ భాషయే నడచుచుండెను. 1918 సంవత్సరమున స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము బోధన ఉర్దూలోనే జరిగెను. ఇంట తెలుగు మాటలాడు రైతు తన భూమి కాగితమును చదివించుకొనుటకు ఇంకొకని గడప త్రొక్కవలసి యుండెను. తెలుగు పత్రిక చదువవలెనన్న మచిలీపట్టణమునుండి కృష్ణాపత్రికయో, మదరాసునుండి ఆంధ్రపత్రికయో టపాలో రావలెను. అవి గొప్ప పత్రికలే. కాని వానిలో మన చెరువు కట్ట తెగిన సంగతి కనబడుట అరుదు.

ఈ కొరత తీర్చుటకు మొదట పూనుకొన్న యూళ్లలో మన మహబూబునగరము ఒకటి. 1913 లో అచ్చటినుండి బండారు శ్రీనివాసశర్మగారి సంపాదకత్వమున 'హితబోధిని' యను మాసపత్రిక వెలువడెను. 1922 లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకట రామనరసింహారావుగారు 'నీలగిరి పత్రిక'ను నడుపసాగిరి. నీలగిరి యనగా నల్లగొండయే కదా. ఆ సంవత్సరముననే ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు పత్రిక'ను స్థాపించిరి. పట్టణము కాదు, పల్లెటూరు! పల్లెలోనే వ్రాసి, పల్లెలోనే అచ్చువేసి పంపిరి.

పిదప 1926 లో హైదరాబాదునుండి 'గోలకొండ పత్రిక' వెలువడెను. దాని సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు మట్టిలో పుట్టినవారు, వారిది ఇటికాలపాడు. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు తిట్టుతో బదులు చెప్పలేదు. ఊరూరినుండి పద్యములను, కవుల వివరములను తెప్పించి, 1934 లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. అందు 354 మంది కవులు పేరుపేరున నిలిచిరి. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో నాకు మరల పని యున్నది.

ఇక నా సంగతి. అది 1978 వేసవి. ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణ చదువుచుంటిని. సెలవులు రాగా, మా జిల్లాలోని యొక చిన్న పట్టణమున వెలువడు వారపత్రికలో రెండు నెలలు పని నేర్చుకొనుటకు చేరితిని. జీతము లేదు, పగటి భోజనము సంపాదకుల యింట. కార్యాలయమనగా రెండు గదులు. ముందుగదిలో ఒక బల్ల. వెనుకగదిలో సీసపుటక్షరముల అరలు, కాలితో త్రొక్కు ట్రెడిల్ యంత్రము.

మొదటి వారము నన్ను వృద్ధుడైన కంపోజిటరు ప్రక్కన నిలిపిరి. తెలుగు అచ్చుకూర్పు తేలిక పని కాదు. అక్షరమొక అరలో, వత్తు ఇంకొక అరలో నుండును. అన్నియు అద్దములో వలె తిరుగబడి కనబడును. నేను ఎండలను గూర్చి వ్రాసిన తొలి వార్త 'గ్రీష్మోష్మసంతప్తప్రాణిసంఘము' అని మొదలాయెను. ఆయన దానిని చూచి, "పంతులూ, నీ మాటకు మా అరలల్ల వత్తులు సాలవు. ఎండలు మండుతున్నయని రాయరాదా?" అనెను. నేనును నవ్వితిని. అసలు పాఠము ఇంకను ముందున్నది.

మూడవ వారమున సంపాదకులు ఒక గ్రామము పేరు చెప్పి, "అక్కడి బావుల నీటిని పరీక్షించినారట. పోయి, చూచి, వ్రాసికొని రమ్ము" అనిరి. మన నల్లగొండ నీటి బాధ మీరెరుగనిది కాదు. భూమిలోని రాళ్లనుండి ఫ్లోరైడు నీటిలో దిగి, పిల్లల పండ్లను గారపట్టించును. ఏండ్లు గడచిన కొలది ఎముకలను వంచును. నీటిని కాచినను అది పోదు. పటిక, సున్నము కలిపి దానిని తీసివేయు విధానమునకు నాగపురపు శాస్త్రజ్ఞులు 'నల్లగొండ పద్ధతి' యని మన జిల్లా పేరే పెట్టిరి. ఇట్టి చోట ఏ బావి మంచిది, ఏ బావి చెడ్డది యను మాట ప్రాణముతో ముడిపడిన మాట.

నేను పోలేదు. ఎండకు వెరచితిని. బస్సులు నిలుచుచోట ఆ యూరివాడొకడు కనబడగా అతనిని అడిగితిని. అతడు చెప్పినది సరిగా వినక, గుడి ముందరి బావి చెడ్డదనియు, పడమటి బావి మంచిదనియు వ్రాసితిని. పోయి వచ్చినట్లే సంపాదకులతో చెప్పితిని. వార్త అచ్చుపడెను. అచ్చులో నా వాక్యములు చూచికొని పొంగిపోయితిని.

వారము దినములకు ఒక ముసలి రైతు రుమాలులోనుండి మడచిన పత్రికను తీసి బల్లమీద పెట్టెను. "గుడి ముంగటి బావి మంచిది. చెడ్డది పడమటిది. నీళ్లు పరీక్ష చేసిన సారు నిన్న మల్ల వస్తే తెలిసింది. నా మనుమడు ఇది సదివి ఇనిపిస్తే ఊరంత నమ్మింది. అచ్చుల పడ్డది అబద్ధమైతదా అనుకున్నం. వారం దినాల సంది పసిపోరగాండ్లకు గూడ పడమటి బావి నీళ్లే తాపుతున్నం," అనెను. అతని గొంతులో కోపము లేదు. ఉన్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

సంపాదకులు నా ముఖము చూచి సర్వము గ్రహించిరి. మరునాడు తెల్లవారకముందే నన్ను వెంటబెట్టుకొని ఆ యూరికి పోయిరి. రచ్చబండవద్ద నా తప్పును నా నోటనే చెప్పించిరి. తలయెత్తలేక నిలుచుంటిని. అపుడొక ముసలమ్మ గుడి ముందరి బావినీరు చెంబుతో తెచ్చి, "తాగు బిడ్డా, ఇది మంచిదే," అని నా చేతికిచ్చెను. ఆ నీరు గొంతు దిగుట ఎంత కష్టమైనదో నేటికిని మరువలేదు. తరువాతి సంచికలో, తప్పు పడిన చోటనే, అంతే పెద్ద అక్షరములతో సవరణ వేసితిమి. దానిని అక్షరమక్షరముగా నేనే కూర్చితిని.

పిమ్మట బడిపంతులునై ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పితిని. గోలకొండ కవుల సంచికను గూర్చి చెప్పునపుడెల్ల ఆ బావి నా కన్నులయెదుట నిలిచెడిది. వినికిడి మీద వ్రాసినవానికి తెలంగాణమున కవులు శూన్యము. ఊరూర అడిగించినవారికి 354 మంది. వినికిడి మీద వ్రాసిన నాకు మంచిబావి చెడ్డదాయెను. మన పెద్దలు పత్రికలు పెట్టినది దూరపు వార్తలను తెచ్చుటకు మాత్రమే కాదు. మన యూరిని గూర్చి మనమే చూచి చెప్పుకొనుటకు.

నేడు సీసపుటక్షరములు లేవు. వార్త చేతిలోని ఫోనులో రెప్పపాటున వచ్చును. తప్పును అంత వేగముగనే వచ్చును. కావున పెద్దలారా, మీకొక మనవి. మీ యూరికి కాగితము, కలము పట్టుకొని ఏ చిన్నవాడైనను వార్తకు వచ్చినచో, రచ్చబండ మీదనే చెప్పి పంపివేయకుడు. చేయిపట్టి తీసికొనిపోయి బావిని చూపుడు. ఎవ్వడును రాకయే మీ యూరి వార్త వచ్చినచో, ఆ ముసలి రైతువలె పత్రికను మడచి రుమాలులో పెట్టుకొని బయలుదేరుడు.

సెలవు.