కుంగిన కేకు, కస్టర్డ్ డబ్బా

కేకు నడుమ గుంట పడేలా చేసే పొడీ, ఆ గుంటను కప్పిపుచ్చే పొడీ ఒకే మనిషి చేతిలోంచి వచ్చాయంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని, చెప్పకుండా ఉండలేను.

బేకింగ్ పౌడర్ రాకముందు కేకు పొంగాలంటే చాలావరకు గుడ్లలోకి గాలి ఎక్కించాల్సిందే. 1747లో లండన్‌లో అచ్చయిన హన్నా గ్లాస్ వంటల పుస్తకం పౌండ్ కేకు పిండిని గంటసేపు గిలక్కొట్టమంటుంది. గంట! ఆ కొట్టే పనిమనిషి చెయ్యి ఏమైందో మాత్రం రాయలేదు. రొట్టెకైతే ఈస్ట్ ఉండేది. గుడ్డూ ఈస్టూ రెండూ పడని ఎలిజబెత్ అనే ఇల్లాలికి బర్మింగ్‌హామ్‌లో మందుల కొట్టు నడిపే ఆల్‌ఫ్రెడ్ బర్డ్ మొగుడు కావడం మన అదృష్టం. ఆమె కోసమే ఆయన 1837లో గుడ్డు లేకుండా కార్న్‌ఫ్లోర్‌తో కస్టర్డ్ చేశాడు. 1843లో వంటసోడాకు పొడి ఆమ్లం జతచేసి బేకింగ్ పౌడర్ చేశాడు. భార్య పోయాక తాజ్‌మహల్ కట్టినాయన కంటే, ఉండగానే ఆమెకు తిండి కుదిర్చిన ఈయనే నాకు నచ్చుతాడు. బర్మింగ్‌హామ్‌లో వాళ్ల పాత కర్మాగారంలో ఇప్పుడు కళాకారుల స్టూడియోలున్నాయి, పేరు మాత్రం కస్టర్డ్ ఫ్యాక్టరీయే.

ఓవెన్లు లేని రోజుల్లో మేం కుక్కర్‌లో ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి కేకు చేసేవాళ్లం. ఓ పుట్టినరోజుకి మా చిన్న తోడికోడలు చెంచా పౌడర్ ఎక్కువేసింది. “పొంగితే మంచిదేగా అక్కా!” అంది. పొంగింది కూడా. కానీ బుడగలు మరీ పెద్దవైతే వాటి గోడలు పలచబడతాయి. గుడ్డూ పిండీ గట్టిపడేలోపే అవి పగిలిపోతాయి. పైగా మధ్యలో మూత తీసి చూసింది, లోపలి వేడి గాలి చల్లబడి ముడుచుకుంది. నడుము కుంగింది, అక్కడంతా పచ్చి.

పచ్చి భాగాన్ని గరిటెతో తోడి, పెనం మీద అట్టులా రెండువైపులా కాల్పించాను. అంచులు బాగానే ఉడికాయి కాబట్టి ముక్కలు కోసి, గాజు గిన్నెలో పరిచి, బత్తాయి రసం చిలకరించాం. ఇంగ్లండ్‌లో ట్రైఫిల్ అంటే పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఇదే పని: బిస్కెట్లను వైన్‌లో నానబెట్టి పైన కస్టర్డ్ పోస్తారు. అసలు కస్టర్డ్‌కు గుడ్డు సొన వాడతారు, కాస్త వేడెక్కువైతే విరిగిపోతుంది. కంగారులో ఉన్నప్పుడు దాంతో పెట్టుకోకూడదు. బర్డ్ పద్ధతిలో విరగడానికి అందులో గుడ్డే లేదు. పొడిని ముందు చల్లటి పాలలో కలపడమొక్కటే జాగ్రత్త. వేడిపాలలో నేరుగా వేస్తే పొడి ముద్దల పైపొర ఉడికి, లోపల పొడి పొడిగానే ఉండలు కడుతుంది.

మరిగిన కస్టర్డ్ గోరువెచ్చనయ్యాక ముక్కల మీద పోశాం. పైన అరటిపండు, దానిమ్మ గింజలు వేశాం. పిల్లలు కేకేదని అడగలేదు. గుడ్డు ముట్టని మా అత్తగారికి మాత్రం ముక్కలు వేయకుండా కస్టర్డూ పళ్లూ విడిగా ఇచ్చాం. ఆవిడ గిన్నె ఖాళీ చేసి, “ఈసారి కాస్త యాలకుల పొడి వెయ్యండమ్మా” అన్నారు.