ఓపెన్ సోర్స్ లోగోలు: ఎవరి గుర్తు, ఎవరి హక్కు

1996లో లారీ ఎవింగ్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఒక పెంగ్విన్ బొమ్మ గీశారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు; అడిగినవారికి తన పేరూ, గీయడానికి వాడిన గింప్ సాఫ్ట్‌వేర్ పేరూ చెబితే చాలన్నారు. టక్స్‌గా పేరుపడిన ఆ పెంగ్విన్ పుస్తకాల అట్టలు, టీషర్టులు దాటి ప్రొఫైల్ బొమ్మల దాకా అడ్డూ ఆపూ లేకుండా సాగిపోయింది.

పేరు దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. లినక్స్ అన్న మాటను అమెరికాలో ఒక వ్యక్తి తన ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకుని, ఆ పేరు వాడే సంస్థలను సొమ్ము అడిగాడు. వ్యాజ్యం నడిచి, 1997లో రాజీ కుదిరాక ఆ హక్కు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు దక్కింది. కోడ్‌ను కాపాడే కాపీహక్కు లైసెన్సు పేరుకు రక్షణ ఇవ్వదన్న సంగతి అప్పుడు బాగా తెలిసివచ్చింది.

లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ 1999లో లోగోను రెండు రూపాల్లో తీసుకుంది. ఎర్రటి సుడి అందరి వాడకానికి. సీసాలోంచి సుడి వెలువడే రూపం ప్రాజెక్టు అధికారిక పనులకు. ఇదే డెబియన్‌కు తర్వాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌తో పేచీ వచ్చింది. నక్క లోగో లైసెన్సు తన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకు సరిపోదని డెబియన్ దాన్ని తీసేసి, పేరు మాత్రం ఉంచి బ్రౌజర్‌ను అందించేది. పేరు కావాలంటే లోగో కూడా ఉండాలనీ, కోడ్‌లో చేసే మార్పులకు తమ ఆమోదం కావాలనీ 2006లో ఆ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా పట్టుబట్టింది. డెబియన్ ఒప్పుకోలేదు, అదే బ్రౌజర్‌ను ఐస్‌వీజిల్ అన్న పేరుతో ఇవ్వసాగింది. 2016లో గానీ పాత పేరు తిరిగి రాలేదు. ఇందులో ఎవరిదీ మొండితనం అనలేం. తన పేరుతో నాసిరకం సరుకు చేరితే నష్టపోయేది వాడుకరే అన్నది మొజిల్లా భయం. మార్చుకునే హక్కు లేనిదాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనలేమన్నది డెబియన్ నియమం.

కాపీహక్కుకూ ట్రేడ్‌మార్క్‌కూ ఉన్న ఈ తేడాను లైసెన్సులు రాతపూర్వకంగానే చెబుతాయి. 2004 నాటి అపాచీ 2.0, 2013 నాటి క్రియేటివ్ కామన్స్ 4.0 రెండూ ట్రేడ్‌మార్క్ హక్కులు ఇవ్వడం లేదని స్పష్టం చేశాయి. వికీపీడియా వ్యాసాలు ఎవరైనా వాడుకునేలా ఉన్నా, దాని గోళం లోగో మాత్రం 2014 దాకా సర్వహక్కులూ వికీమీడియా ఫౌండేషన్‌వే అన్న షరతుతోనే ఉండేది. ఆ ఏడాది అక్టోబరులో లోగోలకూ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చారు; ట్రేడ్‌మార్క్ హక్కు మాత్రం అట్టేపెట్టుకున్నారు.

సోషల్ మీడియా వచ్చాక ఈ రెండు హక్కులూ ఒకే పోస్టులో ఎదురుపడుతున్నాయి. తెలుగు వికీపీడియా పేరా, వికీమీడియా కామన్స్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్న ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టేవారు కర్త పేరు, లైసెన్సు, లింకు ఇవ్వాలి. మార్పులు చేస్తే ఆ మాటా చెప్పాలి. జీతం లేకుండా రాసినవారికి, ఫోటో తీసినవారికి దక్కే ప్రతిఫలం ఆ పేరొక్కటే కాబట్టి దాన్ని ఎగరగొట్టడం అన్యాయం. ప్రాజెక్టు గురించి చెబుతూ లోగోను ఉన్నదున్నట్టు చూపడానికి చాలా ప్రాజెక్టులు అభ్యంతరపెట్టవు. అదే లోగోతో పేజీ తెరిచి అధికారికమన్న భ్రమ కలిగిస్తే ఊరుకోవు.

హద్దు ఎక్కడ గీయాలన్నది ఇంకా తేలలేదు. 2023 ఏప్రిల్‌లో రస్ట్ ప్రోగ్రామింగ్ భాష కోసం రస్ట్ ఫౌండేషన్ తెచ్చిన ట్రేడ్‌మార్క్ ముసాయిదా మరీ కఠినంగా ఉందని ఆ భాష వాడేవారే ఎదురుతిరిగారు. ఫౌండేషన్ క్షమాపణ చెప్పి, ముసాయిదాను తిరగరాయడానికి పూనుకుంది.